కాలిక్యులేటర్‌తో ఖగోళం – 6వ పాఠం: శని వలయం పళ్లెమా, ముక్కలా?

కిందటి పాఠంలో కెప్లర్ మూడో సూత్రం చూశాం: ఒక చుట్టుకు పట్టే కాలం వర్గం, కేంద్రం నుంచి దూరం ఘనంతో పాటు పెరుగుతుంది. ఇవాళ దాన్ని శని వలయాల మీద వాడదాం. ఫోన్‌లోని కాలిక్యులేటర్ చాలు, వర్గమూలం బటన్ ఉంటే సరి.

చిన్న టెలిస్కోప్‌లో చూస్తే శని వలయం నున్నటి పళ్లెంలా ఉంటుంది. అది గట్టి పళ్లెమైతే నిలవదని, విడి ముక్కల గుంపే అయ్యుండాలని భౌతికశాస్త్రవేత్త మాక్స్‌వెల్ లెక్కలతోనే తేల్చాడు. ఆ వ్యాసం 1859లో అచ్చయింది. ఆయన లెక్క మనకు కొరుకుడు పడదు గానీ, ఇంకో దారి ఉంది. పళ్లెం తిరిగితే బయటి అంచు వేగం ఎక్కువ. ఎవరి కక్ష్యలో వాళ్లు తిరిగే ముక్కలైతే లోపలివే వేగంగా పరుగెత్తాలి.

మన కొలబద్ద మైమాస్ అనే ఉపగ్రహం. శని కేంద్రం నుంచి దాని దూరం 1,85,500 కి.మీ., ఒక చుట్టుకు 22.6 గంటలు. పద్ధతి ఇది: ముక్క దూరాన్ని మైమాస్ దూరంతో భాగించండి. వచ్చినదాన్ని దాని వర్గమూలంతోనే గుణించండి. ఆపైన 22.6తో గుణించండి.

శని వలయాలకు అక్షరాలే పేర్లు: బి లోపల, ఎ దాని బయట. బి వలయం లోపలి అంచు 92,000 కి.మీ. భాగిస్తే 0.496, వర్గమూలం 0.704, రెంటి లబ్ధం 0.349. అంటే 7.9 గంటలు. ఎ వలయం బయటి అంచు 1,36,800 కి.మీ. దగ్గర ఇలాగే చేస్తే 14.3 గంటలు. చుట్టుకొలతను కాలంతో భాగిస్తే లోపల సెకనుకు దాదాపు 20 కి.మీ., బయట 17 కి.మీ. కంటే తక్కువ. 1895లో ఖగోళవేత్త జేమ్స్ కీలర్ వలయాల వర్ణపటం (కాంతిని రంగులుగా విడదీసిన పట్టీ, దాన్నుంచి వేగం తెలుస్తుంది) తీసినప్పుడు కనిపించిందీ ఇదే, లోపలి భాగానిదే ఎక్కువ వేగం.

ఒక్క జాగ్రత్త. దూరం ఎప్పుడూ గ్రహ కేంద్రం నుంచే. నేను మొదటిసారి మేఘాల పైభాగం నుంచి కొలిచిన అంకె వేసి, ఒక సాయంత్రమంతా సూత్రాన్ని అనుమానించాను.

ఇప్పుడు అసలు మజా. బి వలయం బయటి అంచు 1,17,500 కి.మీ. దగ్గర ఉంది, అక్కడి నుంచే బి, ఎ వలయాల మధ్య ‘కాసిని’ (Cassini) అనే పేరున్న ఖాళీ మొదలవుతుంది. లెక్క వేస్తే 11.4 గంటలు. 22.6లో సగమెంత? 11.3. అక్కడి ముక్క రెండు చుట్లు తిరిగేసరికి మైమాస్ ఒక చుట్టు పూర్తిచేస్తుంది. కాబట్టి మైమాస్ లాగుడు ప్రతిసారీ కక్ష్యలో అదే చోట పడుతుంది. ఊయలను సరైన సమయానికి తోస్తూ ఉన్నట్టే. ఆ లాగుడే బి వలయానికి అక్కడ గట్టు కట్టింది.

ఇంటిపని: యురేనస్ వలయాలు 1977లో బయటపడ్డాయి. గ్రహం అడ్డం రాకముందే, వలయాలు అడ్డొచ్చి, ఒక నక్షత్రం పలుమార్లు మినుకుమని ఆరి వెలిగింది, గ్రహం దాటాక మళ్లీ అంతే. అక్కడ మైమాస్ కొలబద్ద చెల్లదు, ఆ గ్రహానికి సొంత ఉపగ్రహం కావాలి. మిరాండా తీసుకోండి: 1,29,900 కి.మీ., 33.9 గంటలు. యురేనస్ వలయాల్లో ఒకటైన ఎప్సిలాన్ దూరం 51,150 కి.మీ. జవాబు 8.4 గంటలకు దగ్గరగా రాకపోతే వర్గమూలం ఎక్కడ నొక్కారో చూసుకోండి.