ఇటలీ పియాజ్జాలు, చర్చిలు చూడటం – 4వ పాఠం: ముఖం చూసి వయసు చెప్పకండి

పోయిన పాఠం చివర ఫ్లోరెన్స్‌లోని సాంతా క్రోచే చర్చి ఫొటో ఒకటి ఇచ్చి, కనిపించే భాగాలకు వయసు రాయమన్నాను. వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకే చోట బోల్తా పడ్డాయి. కోసుగా లేచిన తోరణాలు, తెలుపూ ఆకుపచ్చా పాలరాయి చూడగానే "గోతిక్, 13వ శతాబ్దం" అని రాసేశారు. తప్పని చెబితే కొందరు గైడుపుస్తకం తెరిచి చూపించారు, అందులో 1294 అనే ఉందిగా అని. పుస్తకం అబద్ధం చెప్పలేదు. 1294 పునాది వేసిన ఏడు. మీరు ఫొటోలో చూసిన పాలరాతి ముఖభాగం 1863లో పూర్తయింది. దాని నమూనా నికొలో మాతాస్‌ది. పైన త్రికోణంలో నీలి రంగు ఆరుకోణాల నక్షత్రం ఉంది చూడండి, అది యూదుల గుర్తు, మాతాస్ యూదుడు. వెనక కనిపించే గంటగోపురమూ 19వ శతాబ్దిదే. అంటే ఆ ఫొటోలో 13వ శతాబ్దిది దాదాపు ఏమీ లేదు!

అందుకని ఈసారి అనుకున్న గంటగోపురాల పాఠం వెనక్కి జరిగింది. మోకాళ్ళు, భుజాలు కప్పుకోవడం, దివ్యబలిపూజ జరుగుతుంటే తిరగకపోవడం, చిన్న చర్చిలు మధ్యాహ్నం తలుపులు మూసుకోవడం – ఇవన్నీ తెలిసినవే, మళ్ళీ ఎత్తను.

ముఖభాగాన్ని నమ్మకూడదనడానికి కారణం చర్చిని కట్టే క్రమంలోనే ఉంది. పెద్ద చర్చిని మామూలుగా బలిపీఠం వైపు నుంచి మొదలుపెడతారు. అటువైపు కప్పు పడితే చాలు, పూజలు సాగుతాయి, కానుకలు వస్తాయి. నడవ, అంటే జనం కూర్చునే పొడవాటి భాగం, మెల్లగా ముందుకు పెరుగుతుంది. ముఖభాగం వంతు వచ్చేసరికి వందేళ్ళు గడిచిపోతాయి, డబ్బు అయిపోతుంది, లేదా నమూనా మీద తగవు పడుతుంది. గాలిగోపురం ఏనాటిదో చూసి గర్భగుడి వయసు మనం చెప్పం కదా. శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయలు 1516లో ఎత్తించిన గాలిగోపురం 2010లో కూలితే మళ్ళీ కట్టారు, గుడి మాత్రం ఆ రెండింటికన్నా ఎంతో పాతది. ఇదే జాగ్రత్త ఇటలీలోనూ పాటించండి.

డబ్బో సంకల్పమో మధ్యలో ఆగిపోతే ఎలా ఉంటుందో చూడాలంటే ఫ్లోరెన్స్‌లోనే సాన్ లోరెంజో చాలు. ఊరిని ఏలిన మెదీచీ కుటుంబం సొంత చర్చి, అయినా ముఖం మొరటుగా మిగిలిపోయింది. పోప్ పదవ లియో మైకెలాంజెలోకు ముఖభాగం పని అప్పగించాడు, 1520లో ఒప్పందం రద్దయింది. గోడను దగ్గర్నుంచి చూడండి. వరసలు వరసలుగా అంచులు ముందుకు పొడుచుకు వచ్చి ఉంటాయి, పాలరాతి పలకలు అతుక్కోవడానికి వదిలినవి అవి. మధ్యమధ్య చదరపు బొక్కలు పరంజా కర్రలవి. ఈ రెంటినీ ఒకసారి కంటికి అలవాటు చేసుకుంటే, తక్కిన చోట్ల పాలరాయి వెనక ఏముంటుందో ఊహకు అందుతుంది.

ఇప్పుడు పద్ధతి. పియాజ్జాలోకి, అంటే చర్చి ముందున్న చౌకులోకి, రాగానే మధ్యలో నిలబడి ఫొటో తీయకండి. ముఖభాగాన్ని వదిలేసి తిన్నగా మూలకు వెళ్ళండి, పక్కగోడ మొదలయ్యే చోటికి. అక్కడ మూడు సంగతులు చూడాలి. పాలరాయి మూల తిరిగి పక్కగోడ మీదికి కొనసాగిందా, ముందుతోనే ఆగిందా? ఆగితే అది తర్వాత తొడిగిన తొడుగని మొదటి అనుమానం. సాంతా క్రోచే పక్కగోడలు సాదా రాయి, పాలరాయి ముందుకే పరిమితం. రెండోది, ముఖభాగం పైఅంచు వెనకున్న కప్పుకన్నా ఎత్తుగా లేచిందా? లేస్తే దాని వెనక ఖాళీ గాలే. మూడోది రాతి అరుగుదల. ఒకే ఎత్తులో ఉన్న రెండు శిల్పాలు, ఒకటి ముందు, ఒకటి పక్కన, ఎంచుకుని వేళ్ళ కొసలు, మడతల అంచులు పోల్చండి. దీనికి 8×25 చిన్న బైనాక్యులర్ కావాలి. ఫోన్ జూమ్‌తో పని జరగదు, అది అంచులను తనంతట తాను పదును చేసి చూపిస్తుంది. మూడిట్లో ఏ ఒక్కటీ తీర్పు కాదు, రెండు కలిస్తే రాసుకోండి.

ఫ్లోరెన్స్ కథీడ్రల్ (బిషప్ ఉండే పెద్ద చర్చి) దగ్గరికి వద్దాం, ఎక్కువమంది మోసపోయేది అక్కడే. సాంతా మరియా దెల్ ఫియోరేకి 1296లో పునాది పడింది, గుమ్మటం పని 1420 నుంచి 1436 దాకా సాగింది. సగం దాకా లేచిన పాత ముఖభాగాన్ని 1587లో ఊడదీయించారు. తర్వాత దాదాపు మూడు వందల ఏళ్ళు ముందుగోడ పాలరాయి లేకుండానే ఉంది. ఇప్పుడు అందరూ ఫొటో దిగే పూలూ బొమ్మలూ నిండిన ముఖం ఎమీలియో దె ఫాబ్రిస్ నమూనా ప్రకారం 1876లో మొదలై 1887లో ముగిసింది. నాకైతే అది పెళ్ళిపందిరి కన్నా ఎక్కువ రద్దీగా అనిపిస్తుంది. నచ్చినవాళ్ళతో పేచీ లేదు, మధ్యయుగం అని మాత్రం రాయకండి. ఊడదీసిన పాతదాన్ని చూడాలంటే కథీడ్రల్ వెనకున్న ఒపేరా మ్యూజియంలో (పాటల ఒపేరా కాదు, కథీడ్రల్ పనులు చూసే సంస్థ మ్యూజియం) నిలువెత్తు పునర్నిర్మాణం ఉంది, మిగిలిన అసలు శిల్పాలను దాని మీదే నిలబెట్టారు.

ఇక్కడ మూల పరీక్ష ఒక్కటే చేస్తే దెబ్బతింటారు. ఎందుకంటే పక్కగోడలకూ పాలరాయి ఉంది, అదే తెలుపు, ఆకుపచ్చ, ఎరుపు. దె ఫాబ్రిస్ దాన్ని చూసే రంగులు కలిపాడు. కాబట్టి ఉత్తరం పక్కకు నడిచి, గుమ్మటానికి దగ్గరలో పోర్తా దెల్లా మాందోర్లా అనే తలుపు దగ్గర ఆగండి. బాదంగింజ ఆకారపు చట్రంలో మరియమ్మను దేవదూతలు పైకి మోసుకుపోతుంటారు, నాన్ని ది బాంకో పని, 15వ శతాబ్ది ఆరంభం. ఈ తలుపును అయిదు నిమిషాలు చూసి ముందుకు తిరిగొస్తే తేడా ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకో మెలిక. ముందున్న పాలరాయి 19వ శతాబ్దిది, గోడ మాత్రం కాదు. లోపలికి వెళ్ళి బలిపీఠానికి వీపు పెట్టి తలుపు మీదికి చూడండి. పావొలో ఉచ్చెల్లో 1443లో చిత్రించిన గడియారం ఉంటుంది. ముల్లు ఒకటే, అంకెలు 24, తిరిగేది ఎడమకు. సూర్యాస్తమయంతో 24వ గంట ముగుస్తుంది. అందుకే ఆ టైము మీ చేతి గడియారంతో కలవదు, పాడైందనుకోకండి. గోడకు ఒక వైపు 1443, ఇంకోవైపు 1887. "ముఖభాగం ఏనాటిది" అన్న ప్రశ్నకు ఒక్క అంకె జవాబు చాలదనేది ఇందుకే.

బయట పక్కగోడకు నాలుగు కిటికీలు లెక్కపెట్టి, లోపలికెళ్ళి మళ్ళీ లెక్కపెట్టండి. వెలుగు వచ్చేది గుమ్మటం వైపు రెండింటినుంచే, ముందువైపువి అలంకారం. ఆఖరుగా ఆగ్నేయాన, వియా దెల్ ప్రొకొన్సొలో మొదట్లో నిలబడి గుమ్మటం అడుగున చూడండి. ఎనిమిది ముఖాల్లో ఒక్కదానికే పాలరాతి వసారా ఉంది, మిగతా ఏడూ మొరటు గోడ. మైకెలాంజెలో దాన్ని కీచురాళ్ళ బోను అన్నాడని, అందుకే పని ఆగిందని చెబుతారు.

అన్ని ముఖభాగాలూ కొత్తవే అనుకుని అటు చివరికీ పోకండి. సాంతా మరియా నొవెల్లాలో కింది భాగం 14వ శతాబ్దిది, పైది 15వ శతాబ్ది వాస్తుశిల్పి అల్బెర్తీది. పై పట్టీ మీద పెద్ద అక్షరాల్లో డబ్బిచ్చిన రుచెల్లాయ్ పేరు, చివర MCCCCLXX అని ఉంటుంది, అంటే 1470. అది ముఖభాగం తేదీ, చర్చిది కాదు. రెండు పక్కలా చుట్టలు తిరిగిన రాతి వంపులు పక్కనడవల కప్పులను దాచడానికి పెట్టినవి.

ఒకే సంగతికి పుస్తకాల్లో వేరువేరు ఏళ్ళు ఎందుకుంటాయని కొందరు అడిగారు కాబట్టి ఒక మాట. ఫ్లోరెన్స్‌లో 18వ శతాబ్ది మధ్య దాకా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. జనవరి నుంచి మార్చి 24 వరకు జరిగినవి పాత రాతల్లో ఒక ఏడు వెనకబడి ఉంటాయి. సాంతా క్రోచే ప్రతిష్ఠ ఒక పుస్తకంలో 1442, ఇంకోదాంట్లో 1443 అని కనిపించేది జనవరిలో జరిగినందువల్లే.

వెలుగు విషయం: సాన్ లోరెంజో తూర్పుముఖం, పొద్దున్నే వెళ్ళండి. సాంతా మరియా నొవెల్లా దక్షిణముఖం, మిట్టమధ్యాహ్నం బాగుంటుంది. కథీడ్రల్, సాంతా క్రోచే పడమటివి, మూడు దాటాక. బొలోన్యాలో సాన్ పెత్రోనియో ఉత్తరముఖం కాబట్టి ఎండ కోసం కాచుకోవడం దండగ. 1390లో మొదలైన ఆ చర్చికి పాలరాయి కింది భాగానికే అందింది, పైనంతా ఇటుకే.

అభ్యాసం. ఈసారి కష్టంగానే ఇస్తున్నాను. సియెనా కథీడ్రల్‌ను ఉపగ్రహ పటంలో తెరవండి. 1339లో సియెనా వాళ్ళు ఉన్న చర్చిని అడ్డచేతులుగా (శిలువ ఆకారంలో అడ్డంగా ఉండే భాగంగా) మార్చి, దానికి అడ్డంగా కొత్త పెద్ద నడవ కట్టబోయారు. 1348 ప్లేగు తర్వాత వదిలేశారు. ఎక్కడో ఒంటరిగా నిలబడ్డ పెద్ద గోడను, దానికీ చర్చికీ మధ్య తోరణాల వరసను వెతకండి. కాగితం మీద ఉన్న చర్చిని నల్ల పెన్సిల్‌తో, కట్టని చర్చిని ఎర్ర పెన్సిల్‌తో గీయండి. కొత్త ముఖభాగం ఏ దిక్కుకు తిరిగేది, దాని మీద ఎండ ఎప్పుడు పడేది, ఇప్పటి మ్యూజియం ఏ పక్కనడవలో ఇరుక్కుని ఉంది, ఈ మూడూ రాయండి. పొడవులు పటం కొలబద్దతో తీసుకోండి, అయిదు మీటర్లు అటూ ఇటూ అయినా పట్టించుకోను. ఇప్పుడున్న ముఖభాగం అందం గురించి రాసిన జవాబులు మాత్రం పక్కన పెట్టేస్తాను.