గుట్టెక్కిన చెరువు: స్టీరియోస్కోప్‌తో నా అనుభవం

విమానం నుంచి వరుసగా తీసిన ఏరియల్ ఫొటోలు రెండూ స్టీరియోస్కోప్ (కంటికో ఫొటో చూపించి ఎత్తుపల్లాలు తెలిసేలా చేసే కటకాల పరికరం) కింద పెట్టి చూస్తే చెరువు గుట్ట మీద ఉంది, డోలరైట్ డైక్ (రాతి పగుల్లోకి చొచ్చుకొచ్చి గట్టిపడిన నల్లరాతి గోడ) లోతైన కాలువలా దిగిపోయి ఉంది. తెలంగాణ గ్రానైట్ నేలల్లో ఈ డైకులు నల్లరాళ్ల గట్లలా పైకి లేచి ఉంటాయి. అందుకే అనుమానం వచ్చింది. కటకాల్లో లోపమేమీ లేదు. ఎడమ ఫొటో కుడివైపుకీ, కుడిది ఎడమకీ మారింది, అంతే. చోట్లు మార్చగానే డైక్ ఠక్కున పైకి లేచింది!

ఆ తర్వాత అసలు తలనొప్పి, బొమ్మ రెండుగా చీలడం. దీనికి ఓపిక కావాలి. అంచుల్లో కెమెరా వేసే ఫిడ్యూషియల్ గుర్తుల్ని ఎదురెదురుగా కలిపితే ఫొటో మధ్యబిందువు దొరుకుతుంది. వరుస ఫొటోల్లో దాదాపు 60 శాతం నేల ఒకటే కాబట్టి ఆ బిందువు పక్క ఫొటోలోనూ ఉంటుంది, అక్కడా గుర్తు పెట్టాను. ఇలా ఫొటోకి రెండేసి చొప్పున వచ్చిన నాలుగు చుక్కల్నీ స్కేలు ఆనించి ఒకే గీత మీదికి తెచ్చాను. నాది పాకెట్ స్టీరియోస్కోప్, అందుకని ఒకే చెట్టు తాలూకు రెండు బొమ్మల మధ్య సుమారు 6 సెంటీమీటర్లు ఉంచి మెల్లగా జరిపాను. బొమ్మ ఒక్కటైపోయింది.

నీడలు మనవైపు పడేలా జతను మొత్తంగా తిప్పుకోండి. వాలు ఎంత నిటారుగా కనిపించినా వెంటనే రాసేయకండి, స్టీరియోలో ఎత్తు సాగినట్టు కనిపిస్తుంది.