రాస్ హిల్ మరియమాత గుడికి ఎలా వెళ్లాలి, పైన ఎలా మెలగాలి?

విశాఖ ఓడరేవు దగ్గర మూడు కొండలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద వేంకటేశ్వరుడి గుడి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, మరొకదాని మీద మరియమాత గుడి. ఈ చివరిదే రాస్ హిల్. 1864లో రాస్ అనే దొర ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. తరవాత ఆ ఇల్లు ప్రార్థనాలయమైంది, కొండకు ఆయన పేరు నిలిచిపోయింది. పాత కట్టడం చూద్దామని వచ్చేవాళ్లు ఎక్కువ. కానీ అక్కడ ఈనాటికీ పూజలు జరుగుతున్నాయి, కష్టం చెప్పుకోవడానికి జనం మెట్లెక్కి వస్తూనే ఉన్నారు. అందుకే దారి కంటే మర్యాద గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు రోజు ఎంచుకోండి. ప్రశాంతత కావాలంటే మామూలు రోజున, ఎండ ముదరకముందే వెళ్లండి. కొండను నిండు కళతో చూడాలంటే డిసెంబరు 8న వెళ్లాలి. అది అమలోద్భవి మాత పండుగ, అంటే గర్భంలో పడ్డ క్షణం నుంచే పాపం అంటని మరియమాతను తలచుకునే రోజు. ఆ రోజు మతం తేడా లేకుండా వేలమంది వస్తారు. పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే మాత్రం పండుగ రోజు వద్దు, ఆ రద్దీలో మెట్లు ఎక్కడం కష్టం.

తరవాత ప్రయాణం. జగదాంబ కూడలి నుంచి పాత పోస్టాఫీసు వైపు వెళ్లే బస్సు గానీ ఆటో గానీ ఎక్కండి. వన్‌టౌన్ వీధులు ఇరుకు, కారు నిలపడానికి చోటు వెతుక్కోవాల్సి వస్తుంది. దిగాక రాస్ హిల్ అని ఎవరినడిగినా దారి చూపిస్తారు. వీలుంటే ఆ వీధుల్లో కాసేపు నడవండి. ఈనాటి ఫ్రాన్స్‌లోని అనెసీ పట్టణం నుంచి బయల్దేరిన మిషనరీ గురువులు 1846లో విశాఖ చేరింది ఈ పాత ఊరికే. మరుసటి ఏడాది మొదలైన సెయింట్ అలోషియస్ బడి ఇక్కడే ఉంది. ఇదంతా చూసి కొండెక్కితే, పైన కనిపించే గుడి ఏ ఊరి బిడ్డో అర్థమవుతుంది.

మంచినీళ్ల సీసా తీసుకుని మెట్లు నెమ్మదిగా ఎక్కండి. కొందరు జపమాల చెప్పుకుంటూ ఎక్కుతుంటారు. వాళ్లను తోసుకుని ముందుకు పోకండి, దారి ఇచ్చేదాకా వెనకే నడవండి.

భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. గుమ్మం బయట చెప్పులు విడిచి ఉంటే మీరూ విడవండి. ఫోను మోగకుండా చేసి లోపలికి వెళ్లండి. పూజ జరుగుతుంటే వెనక వరసలో కూర్చోండి, అందరూ లేచినప్పుడు లేవండి. మోకరించాలన్న నిర్బంధం లేదు, మౌనంగా ఉంటే చాలు.

ఒక్క విషయం దగ్గర చాలామంది తెలియక పొరబడతారు. పూజ చివరి భాగంలో గురువు, అంటే ఫాదర్ గారు, తెల్లటి చిన్న అప్పం పంచుతారు. గుళ్లో ప్రసాదం అలవాటైన మనకు చెయ్యి చాచాలనిపించడం సహజమే. అయితే దివ్యసత్ప్రసాదం అనే ఆ అప్పం అందరికీ పంచే ప్రసాదం కాదు. అది క్రీస్తు శరీరమేనని కతోలికుల విశ్వాసం. జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొంది, దానికి సిద్ధపడిన కతోలికులే స్వీకరిస్తారు. మీరు వరసలోకి వెళ్లకుండా కూర్చున్నచోటే ఉండండి, ఎవరూ తప్పు పట్టరు.

మరియమాత ముందు కొవ్వొత్తి వెలిగించడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. అందుకు ఏర్పాటు చేసిన చోటే వెలిగించండి, గోడల అంచుల మీద, మెట్ల మీద పెట్టకండి. ఇంట్లోవాళ్ల కోసం పూజ చెప్పించాలనుకుంటే పూజ అయ్యాక ఫాదర్ గారిని అడగండి. కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్న మనిషిని, ఎంత మంచి దృశ్యంగా తోచినా, ఫొటో తీయకండి. బిడ్డ జబ్బు గురించో, రాని ఉద్యోగం గురించో అక్కడికి వచ్చి ఏడ్చేవాళ్లుంటారు. ఆ కన్నీళ్లు వాళ్ల సొంతం.

బయటికి వచ్చాక కాసేపు నిలబడండి. కింద ఓడరేవు, నీటి కాలువకు అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ, లోపలికి వస్తున్న ఓడలు. అంత దగ్గరగా ఓడరేవును చూడగలిగే చోట్లు ఊళ్లో తక్కువ. నౌకాదళం ఉన్న ప్రాంతం కనుక యుద్ధనౌకల వైపు కెమెరా తిప్పకండి, డ్రోన్ తేకండి.

దిగాక ఓపిక ఉంటే మిగిలిన రెండు కొండలూ ఎక్కండి. వేంకటేశ్వరుడి గుడిని 1866లో బ్లాక్‌మోర్ అనే ఆంగ్లేయ కెప్టెన్ కట్టించాడని చెబుతారు. దర్గాకు వెళ్లేటప్పుడు తల కప్పుకోవడానికి ఒక రుమాలు దగ్గర ఉంచుకోండి.