లోక్ అదాలత్‌లో బాకీ రాజీ: అవార్డు రాతే అసలు పని

ప్రోనోటు బాకీ కోర్టుకెక్కకముందే లోక్ అదాలత్‌లో (ఇద్దరినీ రాజీ చేసే వేదిక) తేల్చుకోవాలంటే విశాఖ జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థలో తెల్లకాగితం మీద అర్జీ ఇస్తే చాలు, ఫీజు లేదు. నోటు జిరాక్సు, రావాల్సిన మొత్తం, ఇద్దరి ఫోన్ నంబర్లు జతచేయండి. సందేహాలుంటే 15100కు ఫోన్ చేయొచ్చు.

ఎక్కువగా బెడిసేది చిరునామా దగ్గరే. బాకీదారు గాజువాక నుంచి మధురవాడకు ఇల్లు మారితే నోటుమీది పాత చిరునామాకు వెళ్లిన నోటీసు తిరిగొచ్చేస్తుంది. ప్రస్తుతం ఉంటున్న ఇల్లు, పనిచేసే చోటు రెండూ రాయండి.

ఇంకోటి, కాలదోషం, అంటే దావా వేసే గడువు దాటిపోవడం. నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్లు నిండవస్తూ, వెనక చెల్లు (కొంత కట్టినట్టు బాకీదారు సంతకంతో రాసిన రాత) కూడా లేకపోతే, అర్జీ పెట్టాం కదా అని దావా ఆపుకోకండి. అవతలివాళ్లు ఒప్పుకోకపోతే లోక్ అదాలత్‌కు తీర్పు చెప్పే అధికారం లేదు. (కరెంటు, బీమా, ఆసుపత్రి సేవల తగాదాలకు శాశ్వత లోక్ అదాలత్ వేరే ఉంది. కోటి రూపాయల లోపైతే, రాజీ కుదరకపోయినా అది తేల్చగలదు.)

బెంచి ముందు మాట కుదిరాక తొందరపడకండి. “వీలు చూసుకుని చెల్లిస్తాను” అని రాస్తే ఆ అవార్డు (రాజీ షరతులతో లోక్ అదాలత్ ఇచ్చే ఉత్తర్వు) చేతిలో ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. మూడు లక్షలకు కుదిరిందనుకోండి, ఇలా రాయించండి: “ఈరోజు 60,000. మిగతా 2,40,000 నెలకు 30,000 చొప్పున 8 నెలలు, ప్రతి నెలా 10వ తేదీలోపు ఫలానా ఖాతాకు. ఒక్క వాయిదా తప్పినా మిగిలినదంతా 12 శాతం వడ్డీతో ఒకేసారి.” ఆ చివరి వాక్యానికి బాకీదారు బేరమాడతాడు. వడ్డీ తగ్గించండి గానీ వాక్యం వదలకండి. అది లేకపోతే తప్పిన ప్రతి వాయిదాకూ విడిగా తిరగాలి.

సంతకాలు కక్షిదారులే పెట్టాలి, వకీలు ఒక్కడే పెడితే తర్వాత పేచీ. జామీనుదారు సంతకం లేకుంటే అతణ్ణి ఆ అవార్డుతో పట్టుకోలేరు.

ధ్రువీకరించిన నకలు ఉచితం, అడిగి తీసుకోండి. అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. డబ్బు ఆగితే కొత్త దావా అక్కర్లేదు, ఆ నకలుతో నేరుగా ఈపీ (అవార్డును అమలు చేయించమని కోర్టులో వేసే పిటిషన్) వేయొచ్చు.