పేజ్‌మేకర్ కోసం పాత ఎక్స్‌పీ సిస్టమ్‌ని ఇంకా నడిపిస్తున్నారా? అది ఆగిపోకముందే కొత్త కంప్యూటర్‌లోకి తెచ్చేసుకోండి

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర గానీ విజయనగరం మూడు లాంతర్ల దగ్గర గానీ డీటీపీ సెంటర్లు నడిపేవాళ్ళకి ఈ బాధ తెలుసు. పెళ్ళి కార్డులు, దినం కార్డులు, సిరిమానోత్సవం కరపత్రాలు, ఏళ్ళ తరబడి చేసిన మేటరంతా పేజీలు డిజైన్ చేసే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ఫైళ్ళలో, పాతరకం తెలుగు ఫాంట్లయిన అను ఫాంట్స్‌లో ఉండిపోయింది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, తర్వాత అడోబీ వాళ్ళు తమ కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ మీద పడి దీన్ని వదిలేశారు, కొత్త విండోస్‌లో వేస్తే ఒకచోట ఎక్కుతాది ఒకచోట ఎక్కదు, ఎక్కినా మధ్యలో మూసుకుపోతాది. అందుకే చాలామంది ఒక పాత విండోస్ ఎక్స్‌పీ సీపీయూని మూలన పెట్టి దాని మీదే బతుకుతున్నారు. ఆ హార్డ్ డిస్క్ పోతే మరేటి చేస్తారు? అది ఆన్ అవుతున్నన్నాళ్ళే మనకి టైము, అందుకే బేగి చేసుకోమంటున్నాను.

ముందు ఒక చిన్న పని చేసి చూడండి. ప్రోగ్రామ్ ఐకాన్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్‌కెళ్ళి విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 అని పెట్టి నడపండి. నడిచిందా, ఇంక మిగతాది మీకు అక్కర్లేదు. కానీ బాగా పాతవి, 16 బిట్ సాఫ్ట్‌వేర్లు, 64 బిట్ విండోస్‌లో ఏం చేసినా నడవవు, వాటికి దారి వర్చువల్ మెషీనే. అంటే మీ కొత్త కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్ ఒక విండోలో తెరుచుకుంటది, దాంట్లో ఎక్స్‌పీ వేసుకుంటాం, దాని హార్డ్ డిస్క్ మొత్తం మనకి ఒక ఫైలు లాగా కనిపిస్తది.

దీనికి ఒరాకిల్ వాళ్ళ వర్చువల్‌బాక్స్ చాలు, షాపులో వాడుకున్నా ఫ్రీయే. దాంతోపాటు దొరికే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ మాత్రం సొంత వాడకానికీ చదువుకీ మాత్రమే ఫ్రీ, మన పనికి అది అవసరం లేదు కాబట్టి వేయొద్దు. కంప్యూటర్‌లో 8 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తది. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ దగ్గర వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అని ఉందా చూడండి, లేకపోతే బయోస్‌లోకి, అంటే కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు తెరిచే సెట్టింగ్స్‌లోకెళ్ళి ఇంటెల్ అయితే వీటీ ఎక్స్, ఏఎండీ అయితే ఎస్‌వీఎమ్ అని ఉంటది, అది ఆన్ చేయాలి.

తర్వాత ఎక్స్‌పీ సీడీ. మీరు కొన్న సీడీ, దాని మీద ఉన్న కీ, అవే వాడండి. నెట్‌లో ఎవరో పెట్టిన క్రాక్ చేసిన ఎక్స్‌పీ దించొద్దు, దాంట్లో ఏ వైరస్ ఉందో ఎవరికీ తెలీదు, మీ కస్టమర్ల ఫైళ్ళు పెట్టేది దాంట్లోనే కదా. కొత్త ల్యాప్‌టాప్‌లకి డ్రైవ్ ఉండదు కాబట్టి పాత సీపీయూలోనే ఇమ్గ్‌బర్న్ అనే ప్రోగ్రామ్‌తో సీడీని ఐఎస్‌వో ఫైల్, అంటే సీడీ మొత్తానికి ఒకే ఫైలు నకలు చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి, పేజ్‌మేకర్, అను సీడీలు కూడా అలాగే.

వర్చువల్‌బాక్స్‌లో న్యూ కొట్టి, ఐఎస్‌వో చూపించి, అన్‌అటెండెడ్ ఇన్‌స్టలేషన్, అంటే దానంతట అదే ఇన్‌స్టాల్ అవడం, వద్దని పెట్టండి, ఇన్‌స్టాల్ మనం చూసుకుంటూ చేసుకోడమే మేలు. రకం విండోస్ ఎక్స్‌పీ 32 బిట్ అని పెడితే చాలావరకు అదే సర్దుకుంటది. ర్యామ్ 1 జీబీ, డిస్క్ 20 జీబీ ఇస్తే బోల్డు. ఈఎఫ్‌ఐ, అంటే కొత్తరకం బూట్ పద్ధతి, దానికి టిక్ ఉండకూడదు. డిస్క్ కంట్రోలర్ పాతరకం ఐడీఈలోనే ఉంచండి, ఏదో ఫాస్ట్‌గా ఉంటదని సాటాకి మార్చారంటే ఎక్స్‌పీ దగ్గర ఆ డ్రైవర్ ఉండదు, నీలం స్క్రీన్ వచ్చి ఆగిపోద్ది.

ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను, సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌కెళ్ళి అడాప్టర్ టిక్ తీసేయండి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2014 ఏప్రిల్ 8నే అయిపోయింది, దాన్ని నెట్‌కి కలపడం అంటే తలుపు తీసి పడుకోడమే. మరి ఫైళ్ళు ఎలా వస్తాయంటారా? ఎక్స్‌పీ ఎక్కాక పైన డివైసెస్ మెనూలో లోపలి ఎక్స్‌పీని బయటి విండోస్‌తో కలిపే గెస్ట్ అడిషన్స్ సీడీ ఇన్సర్ట్ చేసి ఇన్‌స్టాల్ చేయండి, తర్వాత షేర్డ్ ఫోల్డర్స్‌లో మీ ఫోల్డర్ ఒకటి ఇచ్చి ఆటో మౌంట్ పెట్టండి. నెట్ లేకపోయినా ఇది పని చేస్తది. మౌస్ లోపల ఇరుక్కుంటే కుడివైపు కంట్రోల్ కీ నొక్కితే బయటికొస్తది.

ఇప్పుడు పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్ మేనేజర్ రెండూ ఎక్స్‌పీ లోపలే వేయాలి, ఫాంట్లు బయట విండోస్‌లో వేస్తే లోపల కనిపించవు. ఇంకోటి, వాట్సాప్‌లో కస్టమర్ పంపిన తెలుగు యూనికోడ్, అంటే ఫోన్లలో వాడే కోడ్, అది పేజ్‌మేకర్‌లో పేస్ట్ చేస్తే ప్రశ్నార్థకాలే వస్తాయి, ముందు బయట కన్వర్టర్‌లో అను కోడ్‌లోకి మార్చుకుని తెచ్చుకోండి. ప్రింటింగ్ దగ్గర అందరూ ఆగిపోతారు, ఎందుకంటే కొత్త ప్రింటర్లకి ఎక్స్‌పీ డ్రైవర్ రాదు. దాంతో కుస్తీ పట్టొద్దు. ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్‌కెళ్ళి పీడీఎఫ్ చేసి షేర్డ్ ఫోల్డర్‌లో పడేయండి, బయట నుంచి ప్రింట్ కొట్టండి. పీడీఎఫ్ తయారుచేసే డిస్టిలర్ సెట్టింగ్స్‌లో ఫాంట్లన్నీ ఎంబెడ్ అయ్యేలా, అంటే పీడీఎఫ్ లోపలే ఉండేలా పెట్టాలి, అది మర్చిపోతే ప్రెస్‌లో ఒత్తులూ గుణింతాలూ ఎగిరిపోతాయి, పెళ్ళికొడుకు పేరు తప్పు పడిన కార్డుల్ని ఎవరు తీసుకుంటారు?

బాగా నెమ్మదిగా ఉండి కింద తాబేలు బొమ్మ కనిపిస్తుంటే విండోస్ ఫీచర్స్‌లో విండోస్ సొంత వర్చువల్ మెషీన్ ఫీచర్లు హైపర్ వీ, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్ టిక్‌లు తీసి రీస్టార్ట్ చేయండి. ఎం1, ఆ తర్వాతి చిప్‌లతో వచ్చిన మ్యాక్‌ల మీద ఈ పద్ధతిలో ఎక్స్‌పీ రాదు, దాని ప్రాసెసర్ రకమే వేరు.

అన్నీ కుదిరాక ఒక స్నాప్‌షాట్, అంటే మెషీన్ ఆ క్షణంలో ఉన్నట్టే దాచుకున్న నకలు, తీసుకోండి, ఏదైనా పాడైతే అక్కడికి వెనక్కి వెళ్ళొచ్చు. కానీ స్నాప్‌షాట్ అదే డిస్క్‌లో ఉంటది కాబట్టి అది బ్యాకప్ కాదు. మెషీన్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేసి ఎక్స్‌పోర్ట్ అప్లయన్స్ కొడితే ఓవీఏ అని ఒకే ఫైలు వస్తది, దాన్ని బయటి డిస్క్‌లో వేసి షాపులో కాకుండా ఇంట్లో పెట్టండి. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మన ఉద్దానం వైపు ఎలా అయిపోయిందో చూశాం కదా, ఒకేచోట అన్నీ పెట్టుకోకూడదు.

పాత సీపీయూని మాత్రం వెంటనే తీసేయకండి. ఒక పెళ్ళిళ్ళ సీజన్ మొత్తం రెండూ ఉంచుకుని, పాత ఫైళ్ళు ఒక్కోటీ కొత్తదాంట్లో తెరిచి, ఫాంటు మారిందా లైను జరిగిందా చూసుకుని, అప్పుడు దాన్ని ఆపండి.