సాయంత్రం ఏడింటికి వంటింట్లో ఏముంది?

మా ఇంట్లో ఫాస్ట్‌ఫుడ్ తగ్గించాలనుకున్నప్పుడు నేను మొదట చేసిన పని వంట కాదు, లెక్క రాయడం. నేను ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఆఫీసు అమీర్‌పేటలో, ఇల్లు కూకట్‌పల్లిలో. నిరుడు జూన్‌లో మా ఆయన రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ లెక్క, 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ గుమ్మం దాకా వచ్చినట్టేనని డాక్టరు చెప్పారు. "ఇంట్లో ఏం తింటారమ్మా?" అని అడిగితే, "అన్నం, పప్పు, కూర, పెరుగు" అన్నాను. నిజంగానే అలా అనుకుంటున్నాను. ఇంటికొచ్చి ఫోన్‌లో డబ్బులు కట్టిన వివరాలు వెనక్కి జరిపి చూస్తే, మే నెలలో 19 రాత్రులు బయటి తిండే. ఫ్రైడ్ రైస్, నూడుల్స్, గోబీ మంచూరియా, బాబుకి షవర్మా.

మీరూ ముందు ఒక వారం రాయండి. ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు, దానికి ముందు చివరిసారి ఎప్పుడు తిన్నారు. ఈ మూడోదే అసలు లెక్క. మా పుస్తకంలో మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత రాత్రి ఏడున్నర దాకా టీ తప్ప ఏమీ లేదు. ఆరున్నర గంటల ఆకలితో మెట్రో దిగితే, కింద బండి మీద గరిట చప్పుడు, వెల్లుల్లి వేగుతున్న వాసన. ఇంట్లో పొయ్యి వెలిగించాలి, కూరగాయలు తరగాలి, కుక్కర్ పెట్టాలి. ఆ పరిస్థితిలో ఎంత గట్టి మనిషైనా బండి దగ్గరే ఆగుతాడు. "ఆకలి రుచెరగదు" అనేది మా అవ్వ. మేం నూడుల్స్ మీద మోజుతో తింటున్నాం అనుకున్నాం గానీ, ఆకలికి ఎదురుగా అది దొరికింది కాబట్టి తింటున్నాం. ఆ ఆకలికి ఇంకోటి ఎదురుగా పెడితే అదే తింటాం. నేను మార్చినవన్నీ ఈ ఒక్క సంగతి చుట్టూనే ఉన్నాయి.

అందుకే రాత్రి భోజనం జోలికి పోకుండా ముందు ఐదు గంటల సంగతి చూడండి. ఆదివారం రాత్రి పావుకిలో నల్ల శనగలు నానబెడతాను. సోమవారం పొద్దున్న కొంచెం ఉప్పేసి కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, నీళ్లు వంపి, మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు వస్తాయి. రోజూ పొద్దున్న ఓ రెండు గుప్పెళ్లు తీసి ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు వేస్తే గుగ్గిళ్లు తయారు. మా ఆయన బాక్సులో ఒకటి, నా బ్యాగులో ఒకటి. సీజన్‌లో ఉడకబెట్టిన శెనక్కాయలు. అవీ కుదరని రోజు ఒక అరటిపండు, గ్లాసు మజ్జిగ. ఐదింటికి ఇది కడుపులో పడితే ఏడింటికి మెట్రో మెట్లు దిగేటప్పుడు మనసు స్థిమితంగా ఉంటుంది. నాకు ఈ తేడా మొదటి వారంలోనే తెలిసింది.

బాబు స్కూలు నుంచి నాలుగున్నరకి వస్తాడు. వాడికి మా అనంతపురం ఉగ్గాని. బొరుగులు (మరమరాలు) నీళ్లలో వేసి, మెత్తబడగానే గట్టిగా పిండి తీయాలి, ఎక్కువసేపు ఉంచితే ముద్దయిపోతాయి. రెండు చెంచాల నూనెలో ఆవాలు, జీలకర్ర, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, టమాటా, పసుపు వేగాక బొరుగులు కలిపి, పైన రెండు చెంచాల పుట్నాల పొడి, గుప్పెడు వేయించిన శెనక్కాయలు, కొత్తిమీర, నిమ్మరసం. పది నిమిషాల పని. మా ఊళ్లో ఉగ్గానికి బజ్జీ జోడీ ఉంటుంది, దాన్ని ఆదివారానికి ఉంచాం. ఒక్క మాట: బొరుగులు కూడా బియ్యమే కదా, షుగర్ అంచున ఉన్నవాళ్లకి ఉగ్గాని కంటే గుగ్గిళ్లే మేలు. అందుకే మా ఆయనకి ఇది రోజూ పెట్టను.

ఇక ఏడు గంటలు. నాకు పది రకాల వంటలు అక్కర్లేదు, అలిసిపోయి వచ్చినా చేతులు వాటంతటవే చేసుకుపోయేవి మూడు చాలు. మొదటిది పెసరట్టు. పులియబెట్టే పని లేదు, ఐదారు గంటలు నానితే చాలు. పొద్దున్న ఏడింటికి ఒక గ్లాసు పెసలు, గుప్పెడు బియ్యం నానబోసి వెళ్తాను. ఎండాకాలంలో సాయంత్రానికి వాసన వస్తాయి కాబట్టి గిన్నె ఫ్రిజ్‌లో పెడతాను. వచ్చాక అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి రుబ్బి, అట్టు మీద ఉల్లిపాయలు. రెండోది కుక్కర్ కిచిడీ. బియ్యం ఎంతో పెసరపప్పు అంత, కూరగాయ ముక్కలు ఆ రెండూ కలిపినంత.

మూడోది నేను చేసేది కాదు, కొనేది. మా కాలనీలో సాయంత్రమైతే రోడ్డు పక్కన పెద్ద పెనం పెట్టుకుని జొన్నరొట్టెలు చేసి అమ్మే అమ్మలు ఉన్నారు. వేడివేడిగా నాలుగు రొట్టెలు తెచ్చుకుని, ఇంట్లో పాలకూర పప్పు చేస్తే భోజనం అయిపోతుంది. బయటి తిండి అంటే అంతా చెడ్డదని నేను ఒప్పుకోను. ఇడ్లీ బండి ఇడ్లీ, రోడ్డు పక్క జొన్నరొట్టె, కాల్చిన మొక్కజొన్న పొత్తు కూడా బయటి తిండే.

అయినా బాబుకి ఫ్రైడ్ రైస్ కావాలి. వద్దంటే ఇంకా కావాలంటాడు. కాబట్టి శుక్రవారం ఇంట్లోనే. మధ్యాహ్నం అన్నాన్ని పళ్లెంలో పరిచి ఆరగానే ఫ్రిజ్‌లో పెట్టమని మా అత్తమ్మకి చెప్తాను. చల్లని అన్నం పొడిపొడిగా ఉంటుంది, తక్కువ నూనె పడుతుంది. ముగ్గురికి మూడు కప్పుల అన్నం, సన్నగా తరిగిన క్యాబేజీ, క్యారెట్, బీన్స్ కలిపి నాలుగు కప్పులు, మూడు గుడ్లు, నాలుగు టీ స్పూన్ల నూనె. ఇనుప మూకుడు బాగా కాలాలి, మంట పెద్దగా ఉండాలి, అప్పుడే బండి రుచి వస్తుంది. సోయా సాస్ ఒక టీ స్పూను. విడిగా ఉప్పు ముందే వేయొద్దు, చివర్లో రుచి చూసి వేయండి.

ఉప్పు గురించి ఇంత ఎందుకంటే, రోజు మొత్తానికి మనిషికి 5 గ్రాములు, అంటే దాదాపు ఒక టీ స్పూను మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఒక టేబుల్ స్పూను సోయా సాస్‌లోనే రెండు గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది. అందరూ టేస్టింగ్ సాల్ట్‌ని తిడతారు గానీ, అందులో సోడియం మామూలు ఉప్పులో ఉన్నదాంట్లో మూడో వంతే. నాకు దానికంటే ఆ ప్లేటులో కలిసే ఉప్పు, సాసులు, నూనె మొత్తం మీదే భయం.

గోబీ మంచూరియా పేరుకే కూరగాయ. మైదా, కార్న్‌ఫ్లోర్ పిండిలో ముంచి, నూనెలో దేవి, మళ్లీ సాసుల్లో వేయిస్తారు. నేను గోబీని చిన్న ముక్కలుగా తరిగి, పల్చటి శనగపిండిలో ముంచి, గుంత పొంగనాల పెనంలో గుంతకి నాలుగు చుక్కల నూనెతో కాలుస్తాను. ఆ కరకర రాదు. కానీ వెల్లుల్లి, క్యాప్సికం, ఉల్లికాడలు ఎక్కువగా వేసి కలిపితే బాబు ప్లేటు ఖాళీ చేస్తాడు.

ప్లేటులో ఏది ఎంత ఉండాలో తేల్చుకోవడానికి మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు చూడండి. కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు కలిపి పళ్లెంలో సగం ఉండాలి. మా ఇంట్లో అన్నం ఆ సగం ఆక్రమించి ఉండేది. నేను గిన్నెలు మార్చాను: అన్నం వడ్డించే పెద్ద హస్తం కూరకి, కూర గరిటె అన్నానికి.

బయట తినే రోజు శనివారం అని పెట్టుకున్నాం. అప్పుడు కూడా ఖాళీ కడుపుతో వెళ్లం. కూల్‌డ్రింక్ తీసుకోం. 250 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 26 గ్రాముల చక్కెర, అంటే సుమారు ఆరు టీ స్పూన్లు. ఫ్రై చేసినవి ముగ్గురికీ కలిపి ఒకటే ప్లేటు, మిగతావి తందూరీ, రోటీ, పప్పు. బజ్జీలు తినాలనిపిస్తే మూకుడులోకి చూడండి. పదేపదే మరిగిన నూనెలో పోలార్ కాంపౌండ్స్ అనే పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనె వాడకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం 2018 నుంచి ఉంది. బండి దగ్గర మనం కొలవలేం గానీ, నల్లబడి, చిక్కబడి, నురగ కడుతున్న నూనెని గుర్తుపట్టగలం. అలా ఉంటే నేను వెనక్కి తిరిగేస్తాను. షవర్మాలో బాబుకి మయోనైజ్ వద్దని చెప్తాను. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో ఏడాది పాటు నిషేధించినప్పటి నుంచి వాడే వద్దంటున్నాడు.

ఫోన్‌లో యాప్‌లు తీసేయలేదు, నోటిఫికేషన్లు ఆపేశాను. సరిగ్గా ఏడింటికి ఆఫర్ మెసేజ్ రావడం ఆగింది, అది చాలు.

డిసెంబరులో మా ఆయన హెచ్‌బీఏ1సీ 5.8. అప్పటికి రోజూ 40 నిమిషాలు నడుస్తున్నారు కూడా, కాబట్టి అంతా తిండి వల్లేనని చెప్పను. మార్చి నెలాఖరులో మాకు ఆఫీసులో ఇయర్ ఎండింగ్, రాత్రి తొమ్మిది దాటేది. ఆ వారం పుస్తకంలో నాలుగు రాత్రులు బయటి తిండే ఉంది, ఉన్నదున్నట్టు రాశాను. ఏప్రిల్ 1 రాత్రి ఇంటికి రాగానే పావుకిలో శనగలు నానబెట్టి పడుకున్నాను.