డూమ్‌లో మీ సొంత లెవెల్ ఎలా కట్టాలి?

1993 డిసెంబర్ 10. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం సర్వర్ మీదికి డూమ్ అనే, రాక్షసులను కాల్చే కంప్యూటర్ ఆటను ఎక్కించాలి. దాని కోసం ముందే కాచుకుని కూర్చున్నవాళ్లతో ఆ సర్వర్ ఎంత నిండిపోయిందంటే, ఆట చేసినవాళ్లకే లోపలికి వెళ్లే చోటు దొరకలేదు. ఎలాగో ఎక్కించాక అందరూ ఒక్కసారి మీద పడేసరికి సర్వర్ కుప్పకూలింది. టెక్సస్‌లోని మెస్కీట్ అనే ఊళ్లో, ఐడీ సాఫ్ట్‌వేర్ అనే చిన్న కంపెనీలో గుప్పెడు మంది కలిసి చేసిన ఆట అది.

ముప్పై ఏళ్లు దాటిపోయింది. ఇప్పటికీ జనం డూమ్‌కి కొత్త లెవెల్స్, అంటే ఆటలో ఒక్కో దశగా ఆడే చోట్లు, కడుతూనే ఉన్నారు. నేను ఈ ఆటను చాలాసార్లు ఆడాను. కానీ నా చేత్తో ఒక గది కట్టి, దానికి తలుపు పెట్టి, ఆ తలుపు తెరుచుకున్న రోజునే దీన్ని చేసినవాళ్ల గొప్పతనం నాకు పూర్తిగా అర్థమైంది. అందుకే డూమ్ గురించి ఎవరు అడిగినా ఒక చిన్న లెవెల్ కట్టి చూడమంటాను. ప్రోగ్రామింగ్ రాకపోయినా పర్వాలేదు. ఒక ఆదివారం సరిపోతుంది.

ముందు ఒక్క సంగతి: వాడ్ ఫైలు

1992లో ఇదే కంపెనీ చేసిన వుల్ఫెన్‌స్టైన్ 3డీ అనే ఆటను అభిమానులు విప్పి, అందులో బొమ్మలు మార్చుకుని ఆడుకున్నారు. అయితే అలా మార్చాలంటే అసలు ఫైళ్లనే చెరిపి రాయాల్సి వచ్చేది. ఆ సంగతి చూసిన జాన్ కార్మాక్ అనే ప్రోగ్రామర్ డూమ్‌ను రెండు ముక్కలుగా విడదీశాడు. ఆటను నడిపే ఇంజిన్ ఒక వైపు. గదులు, రాక్షసులు, శబ్దాలు, బొమ్మలు అన్నీ వాడ్ అనే ఫైల్లో మరో వైపు. మీరు చేసిన వాడ్‌ను ఆటకు జతచేస్తే చాలు, అసలు ఆట చెక్కుచెదరకుండా మీ లెవెల్ నడుస్తుంది. వాడ్ అంటే 'డేటా అంతా ఎక్కడుంది?' అనే ఇంగ్లీషు ప్రశ్నకు పొడి అక్షరాలు.

కంపెనీలో అందరికీ ఇది నచ్చలేదు. కష్టపడి చేసినదాన్ని ఊరికే ఊళ్లోవాళ్ల చేతికి ఇవ్వడమేమిటని కొందరికి టెన్షన్. కార్మాక్, అతని జోడీ జాన్ రొమేరో మాత్రం వెనక్కి తగ్గలేదు. 1994 మొదట్లోనే అభిమానులు సొంతంగా లెవెల్ ఎడిటర్ తయారుచేసుకున్నారు. 1997 డిసెంబర్‌లో కార్మాక్ ఇంజిన్ సోర్స్ కోడ్ కూడా బయటపెట్టాడు. ఇవాళ మనం వాడబోయే ప్రతి సాధనమూ ఆ నిర్ణయాల పుణ్యమే.

1. సరంజామా సిద్ధం చేసుకోండి

మూడు కావాలి. మూడూ ఉచితమే.

ఆట నడిపేందుకు జీజెడ్‌డూమ్. కార్మాక్ ఇచ్చిన సోర్స్ కోడ్ మీద కట్టిన నేటి ఇంజిన్ ఇది. లెవెల్ గీసేందుకు అల్టిమేట్ డూమ్ బిల్డర్. ఇది విండోస్ ప్రోగ్రామ్. ఇక బొమ్మలు, శబ్దాల కోసం ఫ్రీడూమ్. డూమ్ ఇంజిన్ ఉచితమైనా అందులోని బొమ్మలు, సంగీతం కంపెనీ సొత్తే. కాబట్టి అభిమానులు వాటన్నిటికీ బదులు కొత్తవి గీసి ఉచితంగా ఇచ్చారు. అందులో ఫ్రీడూమ్ 2 వాడ్ తీసుకోండి. అసలు డూమ్ 2 (డూమ్ తర్వాత వచ్చిన రెండో ఆట) కొనుక్కుని ఉంటే దాని వాడ్‌నే వాడుకోవచ్చు.

మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఆటలో రక్తం బాగా ఉంటుంది, చిన్నపిల్లలున్న ఇంట్లో అది గుర్తుంచుకోండి.

2. కట్టే ముందు మొదటి లెవెల్ ఆడండి

ఈ మెట్టును దాటవేయకండి. డూమ్‌లో మొదటి భాగాన్ని అప్పట్లోనే ఉచితంగా పంచారు. ఇష్టమైనవాళ్లు మిగతా రెండు భాగాలకు డబ్బు పంపి తెప్పించుకునేవాళ్లు. ఆ ఉచిత భాగం ఇప్పటికీ దొరుకుతుంది. అందులో మొదటి లెవెల్ పేరు హ్యాంగర్. కట్టింది రొమేరో. ఆ భాగంలో తన లెవెల్స్ అన్నీ పూర్తయ్యాక, చేయి బాగా తిరిగాక, చిట్టచివర ఈ మొదటి లెవెల్ కట్టానని ఆయనే చెప్పాడు.

మొదలైన చోట నిలబడి కిటికీలోంచి బయటికి చూడండి. ఆకాశం, కొండలు, ఆరుబయట మెరుస్తున్న నీలం కవచం. తలుపేమీ లేదు. ఆటగాడి మనసు అక్కడే చిక్కుకుంటుంది. ముందుకు వెళితే పచ్చటి విషపు మడుగు మీద వంకర్లు తిరిగిన వంతెన ఉన్న గది వస్తుంది. అక్కడ గోడలో దాగిన దారి పట్టుకుంటే ఆ కవచం దగ్గరికి చేరతారు. బయట ఏదైనా కంటికి కనబడితే అక్కడికి ఎలాగో ఒకలా వెళ్లగలగాలని రొమేరో తనకు తాను పెట్టుకున్న నియమం. మీ లెవెల్‌లో కూడా ఒక కిటికీ పెట్టండి.

3. ముగ్గు పోయండి

ఇల్లు కట్టే ముందు స్థలంలో పునాదికి ముగ్గు పోస్తాం కదా, డూమ్ బిల్డర్‌లో పని సరిగ్గా అలాగే మొదలవుతుంది. పైనుంచి చూస్తున్నట్టు గళ్ల కాగితం కనిపిస్తుంది. కొత్త మ్యాప్ తెరిచి, ఫార్మాట్ అడిగినప్పుడు 'డూమ్ 2, డూమ్ ఫార్మాట్' ఎంచుకోండి. యూడీఎంఎఫ్ అని మరొకటి ఉంటుంది, అందులో తలుపుల నంబర్లు వేరు. ఇప్పుడు దాని జోలికి పోవద్దు. వనరుల జాబితాలో ఫ్రీడూమ్ 2 వాడ్‌ను చేర్చండి.

గీతలు గీసే బటన్ నొక్కి, నాలుగు మూలలు పెట్టి, మొదలెట్టిన చోటికే వచ్చి కలపండి. గది తయారైపోయింది. ఇలా మూసుకున్న ప్రతి చోటునూ సెక్టార్ అంటారు. ప్రతి సెక్టార్‌కూ నేల ఎత్తు, పైకప్పు ఎత్తు, వెలుగు ఉంటాయి. లెవెల్ మొత్తం ఈ మూడు అంకెలతోనే బతుకుతుంది.

కొలతలు గుర్తుపెట్టుకోండి, ఇవన్నీ ఆట సొంత యూనిట్లలో. ఆటగాడి ఎత్తు 56, వెడల్పు 32. అతను ఎక్కగలిగిన మెట్టు గరిష్ఠంగా 24. మెట్టు 25 పెడితే గోడే, ఎంత ఒత్తినా ఎక్కడు. నేల మీది బొమ్మలు 64 యూనిట్ల చొప్పున పరుచుకుంటాయి కాబట్టి గ్రిడ్‌ను 64 దగ్గర పెట్టుకుని పెద్ద గోడలు గీయండి. చిన్న పనులకు 16కో 8కో దించుకోవచ్చు.

ఒక పరిమితి ఉంది. ఈ ఫార్మాట్‌లో ఒక గది మీద ఇంకో గది కట్టలేరు. డూమ్ ప్రపంచానికి పై అంతస్తు లేదు. ఎత్తుపల్లాలు మాత్రమే. అంత చిన్న పరిమితిలో ఇన్ని కోటలు, గుహలు, నగరాలు కట్టారే అని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

4. తలుపు పెట్టండి

కొత్తవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. నిదానంగా చేయండి.

మొదటి గది పక్కన 16 దూరం వదిలి రెండో గది గీయండి. ఆ సందులో, రెండు గదులకూ ఆనేలా 128 వెడల్పు, 16 మందం ఉన్న సన్నటి పెట్టె గీయండి. అదే మీ తలుపు. అవును, డూమ్‌లో తలుపు కూడా ఒక గదే! ఆ సెక్టార్ మీద కుడి క్లిక్ చేసి పైకప్పు ఎత్తును నేలతో సమానం చేయండి. పైకప్పు నేలకు ఆనింది, దారి మూసుకుంది. తలుపు తెరుచుకోవడమంటే ఆ పైకప్పు పైకి లేవడమే.

ఇప్పుడు తలుపు ముందు గీతను, వెనక గీతను ఎంచుకుని పై టెక్స్చర్‌గా (టెక్స్చర్ అంటే గోడకు అంటించే బొమ్మ) తలుపు బొమ్మ పెట్టండి. యాక్షన్ నంబరు 1 ఇవ్వండి. తెరుచుకుని, కాసేపు ఆగి, మూసుకునే తలుపు అది. ప్రతి గీత మధ్యలో ఒక చిన్న ముల్లు లాంటి గుర్తు ఉంటుంది. అది ఎటు చూస్తే గీతకు అదే ముందు వైపు. రెండు గీతల ముళ్లూ తలుపు లోపలికి కాకుండా గదుల వైపు చూడాలి. తిరగబడి ఉంటే ఎఫ్ అక్షరం నొక్కి తిప్పండి.

పోయిన వేసవి సెలవుల్లో మా మేనల్లుడు ఇక్కడిదాకా సొంతంగా చేసుకుని, రాత్రి పదింటికి నన్ను పిలిచాడు.

"మావయ్యా, తలుపు తెరుచుకుంటోంది. కానీ పక్క గోడలు కూడా దాంతోపాటు పైకి పోతున్నాయి!"

చూస్తే నిజమే. తలుపుకి అటూ ఇటూ ఉన్న రెండు చిన్న గోడల బొమ్మ లిఫ్టులా పైకి జారుతోంది. మామూలుగా ఆ బొమ్మ పైకప్పుకు వేలాడుతూ ఉంటుంది. పైకప్పు లేస్తే అదీ లేస్తుంది. ఆ రెండు చిన్న గీతలను ఎంచుకుని 'లోయర్ అన్‌పెగ్డ్' అనే గడిలో టిక్ పెట్టించాను. బొమ్మ నేలకు అతుక్కుంది. మళ్లీ తలుపు తీశాడు. ఈసారి ద్వారబంధం కదల్లేదు, తలుపొక్కటే లేచింది. వాడు ఆ తలుపును ఎన్నిసార్లు తెరిచి మూశాడో లెక్కలేదు. అప్పుడప్పుడూ నేనూ అలా చేస్తుంటాను.

5. ఎత్తులు, వెలుగులు మార్చండి

వుల్ఫెన్‌స్టైన్‌లో గోడలన్నీ ఒకే ఎత్తు, మూలలన్నీ లంబకోణాలు, ఎక్కడ చూసినా ఒకే వెలుతురు. డూమ్ ఆ మూడింటినీ వదిలించుకుంది. కంపెనీ స్థాపకుల్లో ఒకడైన టామ్ హాల్ మొదట కట్టిన లెవెల్స్ నిజమైన సైనిక స్థావరాల్లా ఉండేవి. రొమేరో మాత్రం వింత కోణాలు, ఎత్తు పైకప్పులు, చీకటి మూలలు కావాలన్నాడు. హాల్ 1993 ఆగస్టులో, ఆట విడుదల కాకముందే, కంపెనీ వదిలి వెళ్లిపోవాల్సి వచ్చింది. అతను మొదలుపెట్టిన లెవెల్స్ కొన్నిటిని శాండీ పీటర్సన్ అనే డిజైనర్ పూర్తిచేశాడు.

రొమేరో పాటించిన పద్ధతులు మీ పెట్టె గదిని మార్చేస్తాయి. నేల బొమ్మ మార్చిన చోట నేల ఎత్తు కూడా మార్చండి, కనీసం 8 అయినా. వెలుగు అంకె 0 నుంచి 255 దాకా ఉంటుంది. ఒక గదికి 192 ఇస్తే పక్క నడవాకి 112 ఇవ్వండి. ఇరుకు దారి తర్వాత విశాలమైన హాలు రానివ్వండి. ఆటగాడు ఒకే చోటికి వేర్వేరు దారుల్లో రెండు మూడు సార్లు తిరిగి వచ్చేలా చూడండి. అప్పుడే ఆ చోటు అతనికి తన ఇంటిలా గుర్తుంటుంది. వీటిలో ఒక్కటే పాటించగలిగితే వెలుగును ఎంచుకోమంటాను.

గోడ దగ్గర అద్దంలో అద్దంలా వింతగా అలికినట్టు కనిపిస్తే అక్కడ టెక్స్చర్ పెట్టడం మరిచారన్నమాట.

6. ఆటగాడు, రాక్షసులు, బయటికి దారి

'టి' అక్షరం నొక్కితే వస్తువుల మోడ్ వస్తుంది. ముందుగా 'ప్లేయర్ 1 స్టార్ట్' పెట్టండి, అది లేకపోతే ఆట మొదలవదు. తర్వాత ఒక షాట్‌గన్, గుండ్లు, నలుగురైదుగురు రాక్షసులు. మొదటి లెవెల్‌కి అంతకన్నా వద్దు. ప్రతి రాక్షసుడినీ ఏ కష్టస్థాయిలో కనిపించాలో విడిగా ఎంచుకోవచ్చు.

అసలు ఆటలోని రాక్షసుల్లో కొన్నిటికి ఏడ్రియన్ కార్మాక్ (ప్రోగ్రామర్ కార్మాక్‌కి చుట్టమేమీ కాదు) మట్టితో బొమ్మలు చేశాడు. వాటిని చుట్టూ తిప్పుతూ వీడియో కెమెరాతో ఎనిమిది కోణాల్లో తీసి కంప్యూటర్‌లోకి ఎక్కించారు. అందుకే ఎడిటర్‌లో రాక్షసుడి ముఖం ఎటు ఉందో బాణం గుర్తు చూపిస్తుంది. వీపు తిప్పి నిలబెట్టిన రాక్షసుడు మీరు కనబడేదాకానో, తుపాకీ పేల్చేదాకానో కదలడు. ఈ చిన్న సంగతితోనే మంచి మాటు వేయవచ్చు.

చివరి గదిలో ఒక గోడకు స్విచ్ బొమ్మ పెట్టి యాక్షన్ 11 ఇవ్వండి. నొక్కితే లెవెల్ అయిపోతుంది.

7. సేవ్ చేసి ఆడండి

సేవ్ చేసినప్పుడు డూమ్ బిల్డర్ 'నోడ్స్' కడుతున్నానని చెబుతుంది. కంగారు పడకండి, లెవెల్ మొత్తాన్ని ఒక గీతతో రెండుగా, ఆ రెంటినీ మళ్లీ రెండుగా, ఇక ముక్క చేయలేనంత వరకూ పంచుకుంటూ పోతుందంతే. పెద్ద కమతాన్ని గట్లు వేసి మళ్లుగా విడదీసినట్టు. అలా ముందే పంచి పెట్టుకుంటే, మీరు ఎక్కడ నిలబడినా ఏ గోడ దగ్గర, ఏది దూరం అన్నది ఆట తడుముకోకుండా తేల్చేస్తుంది. ఈ పద్ధతి కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకులది, 1980లోనే ప్రచురితమైంది. కార్మాక్ దాన్ని పట్టుకుని ఆనాటి ఇళ్లలోని మామూలు కంప్యూటర్ల మీద పరుగెత్తించాడు. మీరు సేవ్ నొక్కిన ప్రతిసారీ అదే లెక్క జరుగుతుంది.

సెట్టింగ్స్‌లో జీజెడ్‌డూమ్ ఎక్కడుందో ఒకసారి చూపించి ఎఫ్9 నొక్కండి. మీ గదిలో మీరే నిలబడి ఉంటారు. ఆడండి, ఆగిన చోట దిద్దండి, మళ్లీ ఆడండి. మీకు దారి తెలుసు కాబట్టి అంతా సులువుగానే అనిపిస్తుంది. ఇంకొకరి చేత ఆడించి, పక్కన నోరు మెదపకుండా కూర్చుని చూడండి.

8. పదిమందికీ ఇవ్వండి

లెవెల్స్ దాచిపెట్టే పాత భాండాగారం ఐడీగేమ్స్ ఆర్కైవ్. 1990ల నాటి వాడ్‌లు కూడా అందులో భద్రంగా ఉన్నాయి. ఇలా ఊరికే పంచిన లెవెల్స్ కొందరి బతుకునే మార్చాయి. డారియో, మైలో కసాలీ అనే అన్నదమ్ములు అభిమానులుగా కట్టుకున్న లెవెల్స్ చూసి ఐడీ వాళ్లకు పని అప్పగించింది. 1996లో వచ్చిన ఫైనల్ డూమ్ అనే ఆటలో సగం వాళ్లదే. డారియో ఆ తర్వాత వాల్వ్ కంపెనీకి వెళ్లి హాఫ్-లైఫ్ అనే ఆట మీద పనిచేశాడు. రొమేరో కూడా 2019లో సిజిల్ పేరుతో, 2023 డిసెంబర్ 10న సిజిల్ 2 పేరుతో కొత్త లెవెల్స్ కట్టి అభిమానుల దారిలోనే ఉచితంగా ఇచ్చాడు.

వాడ్‌తో పాటు ఒక టెక్స్ట్ ఫైలు రాయాలి. లెవెల్ పేరు, మీ పేరు, ఎన్నాళ్లు పట్టింది, ఏ ఎడిటర్ వాడారు, ఎవరి సాయం తీసుకున్నారు వంటివి అందులో ఉంటాయి. నమూనా అక్కడే దొరుకుతుంది. దాని కిందివైపు ఒక ప్రశ్న ఉంటుంది: ఈ లెవెల్‌ను ఆధారం చేసుకుని ఇంకొకరు కొత్తది కట్టుకోవచ్చా? కట్టుకోవచ్చు అన్న వరుస ఉంచి, రెండో వరుస కొట్టేయండి. రెండు ఫైళ్లనూ జిప్ చేసి పంపండి.